రాగి స్క్రాప్‌ను కరెంటుతో 99.99 శాతం శుద్ధి చేయడం: చిన్న యూనిట్‌కి గిట్టుబాటవుతుందా?

ఆటోనగర్ రాగి (విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది స్క్రాప్ కొట్టు. మోటార్ వైండింగులు, కాలిన కేబుళ్లు, పాత రేడియేటర్లు, అప్పుడప్పుడు ఇత్తడి కుళాయిలు వస్తుంటాయి. నెలకి నాలుగైదు టన్నుల రాగి చేతులు మారుతుంది. మెరిసే తీగకి మంచి రేటు పలుకుతుంది. టంకం అంటుకున్నది, మసిబారినది మాత్రం కొనేవాళ్లు చెప్పిన రేటుకే ఇచ్చేయాల్సి వస్తోంది.

పదో తరగతిలో రాగి శుద్ధి పాఠం ఉంటుంది కదా. మురికి రాగి పలక ఆనోడ్, పల్చటి శుద్ధ రాగి రేకు కాథోడ్, మధ్యలో ఆమ్లం కలిపిన మైలుతుత్తం నీళ్లు. కరెంటు పెడితే ఇటు కరిగి అటు పేరుకుంటుంది. అదే పని షెడ్డులో కాస్త పెద్దగా చేద్దామని ఆలోచన. అల్యూమినియం ఫ్యాక్టరీలు విపరీతంగా కరెంటు తాగుతాయంటారు, రాగికీ అంతేనా? చిన్న స్థాయిలో కుదురుతుందా? తొట్టి అడుగున మిగిలే మడ్డిలో బంగారం, వెండి ఉంటాయని చదివాను, నిజంగా ఉంటాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

పూతపని (బాలానగర్, హైదరాబాద్)

తమ్ముడూ, నాది ఎలక్ట్రోప్లేటింగ్ షాపు. నికెల్, క్రోమ్, రాగి పూతలు వేస్తాం. కాబట్టి తొట్లు, రెక్టిఫయర్లు (ఏసీ కరెంటును డీసీగా మార్చేవి), బస్‌బార్లు (కరెంటు మోసే లావు కడ్డీలు) నాకు రోజూ ఉండే పని. రాగి శుద్ధిలో నిన్ను భయపెట్టేది కరెంటు బిల్లు కాదు. సరుకు తొట్టిలో ఇరుక్కుపోవడం ఒకటి, వాడేసిన ద్రావణాన్ని ఏం చేయాలన్నది ఇంకొకటి. బిల్లు సంగతి లెక్కలు తెలిసినవాళ్లు ఎవరైనా వేసి చూపిస్తే నీకే అర్థమవుతుంది.

లెక్కల మనిషి (వరంగల్)

నేను వేస్తాను. ఫారడే 1830లలో చెప్పిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే 1.186 గ్రాముల రాగి కాథోడ్ మీదికి చేరుతుంది. 1000 ఆంపియర్లు రోజంతా పారితే 28.4 కిలోలు. కొంత కరెంటు వృథా అవుతుంది కాబట్టి 95 శాతం లెక్కన 27 కిలోలు అనుకుందాం. ఇది ఒక్క తొట్టికి.

తొట్లను సిరీస్‌లో కలుపుతారు, అదే 1000 ఆంపియర్లు అన్నింటిలోంచీ వెళ్తుంది. నెలకి ఐదు టన్నులు కావాలంటే ఆరు తొట్లు పడతాయి. ఒక్కో తొట్టికి కావలసిన వోల్టేజి సుమారు 0.3 వోల్టులు మాత్రమే. ఆరింటికి 1.8 వోల్టులు. అంటే 1.8 కిలోవాట్లు, రోజుకి 43 యూనిట్లు. వచ్చే రాగి 162 కిలోలు. కిలోకి పావు యూనిట్ కంటే కాస్త ఎక్కువ. రెక్టిఫయర్‌లో పోయేదీ పంపులకి అయ్యేదీ కలిపినా అర యూనిట్‌లోపే ఉంటుంది.

ఇప్పుడు పూతపని అన్న చెప్పిన ఇరుక్కుపోయే సరుకు చూడండి. చదరపు మీటరుకి 250 ఆంపియర్లు పెడితే తొట్టికి 4 చదరపు మీటర్ల కాథోడ్ కావాలి. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు రేకులైతే, రెండు వైపులా లెక్క కాబట్టి ఎనిమిది. వాటి మధ్య తొమ్మిది ఆనోడ్ పలకలు. ఆనోడ్ మూడు వారాలు రావాలంటే ఒక్కోటీ 75 కిలోల దాకా ఉండాలి. తొట్టికి దాదాపు 670 కిలోలు, ఆరు తొట్లకి నాలుగు టన్నులు. అంటే మీ నెల సరుకు దాదాపు మొత్తం తొట్లలోనే ఉంటుంది. ఆ డబ్బుకి వడ్డీ వేసుకుంటే కరెంటు బిల్లు దాని ముందు చాలా చిన్నది.

ఆటోనగర్ రాగి

ఇంత తక్కువ కరెంటా! పావు యూనిట్ అంటే నమ్మబుద్ధి కావడం లేదు. వోల్టేజి 0.3 తో ఎలా సరిపోతుంది? టార్చ్ సెల్ కూడా 1.5 వోల్టులు కదా.

పది సైన్సు టీచర్ (నల్గొండ)

ఈ ప్రశ్న మా పిల్లలు అడిగితే నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

శుద్ధి చేసేటప్పుడు ఆనోడ్ దగ్గర రాగి కరిగి అయాన్ అవుతోంది, కాథోడ్ దగ్గర అదే అయాన్ మళ్లీ రాగి అవుతోంది. రెండూ ఒకే చర్య, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. ఇక్కడ పెట్టిన శక్తి అక్కడ తిరిగి వస్తుంది. కాబట్టి సిద్ధాంతం ప్రకారం వోల్టేజి అవసరమే లేదు. మనం ఇచ్చే 0.3 వోల్టులు ద్రావణం నిరోధాన్ని, అతుకుల నిరోధాన్ని దాటడానికి. ఇక్కడ కరెంటు రాగిని తయారు చేయడం లేదు, ఉన్న రాగిని ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి చేరవేస్తోంది. దారిలో తోడు రానివాటిని వదిలేస్తోంది.

ఖనిజం నుంచి లోహాన్ని తీయడం వేరు. అక్కడ ఆక్సిజన్‌తో బిగిసిపోయిన లోహాన్ని విడదీయాలి. రాగి ధాతువును ఆమ్లంలో నానబెట్టి, ఆ ద్రావణం నుంచి నేరుగా రాగిని తీసే పద్ధతి కూడా ఉంది. అక్కడ ఆనోడ్ కరగదు, నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ను వదులుతుంది. దానికి తొట్టికి 2 వోల్టులు కావాలి. టన్ను రాగికి దాదాపు 2000 యూనిట్లు. మీ శుద్ధికి 300 లోపు. లోహం అదే, ఫారడే లెక్కా అదే, తేడా అంతా వోల్టేజిలోనే.

ఇప్పుడు అల్యూమినియం చూడండి. రాగి అయాన్‌కి రెండు ఎలక్ట్రాన్లు ఇస్తే చాలు, అల్యూమినియంకి మూడు ఇవ్వాలి. పైగా అల్యూమినియం పరమాణువు చాలా తేలిక, కిలోలో పరమాణువులు ఎక్కువ ఉంటాయి. అందుకని కిలోకి కావలసిన కరెంటే రాగికంటే మూడున్నర రెట్లు. వోల్టేజి 4.2 దాకా, అంటే మీ 0.3కి 14 రెట్లు. రెండూ గుణించండి, యాభై రెట్లు. కిలో అల్యూమినియంకి 13 నుంచి 15 యూనిట్లు అవుతుందని పుస్తకాల్లో ఉండే అంకె వెనక ఉన్న లెక్క ఇదే.

లెక్కల మనిషి

మేడమ్ గారు చెప్పిన యాభై రెట్లు నేనూ వేసి చూశాను, సరిగ్గా కుదిరింది.

కొత్త సభ్యుడు (ఒంగోలు)

చిన్న ప్రశ్న. రాగికి మైలుతుత్తం నీళ్లు వాడినట్టే అల్యూమినియం లవణాన్ని నీళ్లలో కరిగించి కరెంటు పెట్టొచ్చు కదా? అంత వేడి కొలిమి ఎందుకు?

పది సైన్సు టీచర్

నీళ్లలో చేస్తే కాథోడ్ దగ్గర అల్యూమినియం రాదు, హైడ్రోజన్ బుడగలు వస్తాయి. ఎలక్ట్రాన్లను తీసుకోవడంలో నీటిలోని హైడ్రోజన్‌దే ముందు వరస. సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియంలదీ ఇదే కథ. అందుకే 1807లో హంఫ్రీ డేవీ పొటాషియంని నీళ్లలోంచి కాకుండా కరిగిన పొటాష్‌లోంచి తీశాడు. ఆ వెంటనే సోడియం తీశాడు. మరుసటి ఏడాది కాల్షియం, బేరియం, స్ట్రాన్షియం, మెగ్నీషియం వచ్చాయి. అంతకుముందు అవి ఉన్నాయని కూడా ఎవరికీ రూఢిగా తెలియదు. అప్పటికి వోల్టా తన విద్యుత్ ఘటమాలను ప్రకటించి ఏడేళ్లే అయింది.

అల్యూమినియంకి ఇంకో చిక్కు ఉంది. దాని ఆక్సైడ్, అల్యూమినా, 2000 డిగ్రీలు దాటితేనే కరుగుతుంది. అంత వేడిని తట్టుకునే పాత్ర దొరకడం కష్టం. అందువల్ల చాలా కాలం సోడియం లోహంతో రసాయనికంగా తీసేవాళ్లు. అది చాలా ఖరీదు. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొన మీద పెట్టడానికి ఎంచుకున్న లోహం అల్యూమినియం. మూడు కిలోలు కూడా లేని చిన్న పిరమిడ్ అది.

రెండేళ్లు తిరక్కుండానే, 1886లో, అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ హెరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే దారి కనిపెట్టారు. క్రయోలైట్ అనే ఖనిజాన్ని కరిగిస్తే అందులో అల్యూమినా కరుగుతుంది, 960 డిగ్రీల దగ్గరే పని అయిపోతుంది. ఇద్దరూ పుట్టింది 1863లో, పోయింది 1914లో. హాల్ తన ఇంటి వెనక కొట్టంలో చేసిన ప్రయోగాలకి తోడుగా నిలిచింది కెమిస్ట్రీ చదువుకున్న అక్క జూలియా. తరగతిలో ఆమె పేరు నేను తప్పకుండా చెబుతాను.

మింది రిటైర్డ్ (విశాఖపట్నం)

నమస్కారం. టీచరమ్మ చెప్పిన హైడ్రోజన్ విషయంలో ఒక లోహం ఆ నియమాన్ని దాటేస్తుంది. దాంతోనే నా ఉద్యోగమంతా గడిచింది. జింక్.

ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు, విశాఖలో మింది దగ్గర జింక్ స్మెల్టర్ ఉండేది. 1977లో మొదలైంది, 2012లో మూతపడింది. నేను సెల్ హౌస్‌లో, అంటే కరెంటు తొట్లు ఉండే షెడ్డులో, పనిచేశాను. క్రియాశీలత శ్రేణి చూస్తే జింక్ హైడ్రోజన్‌కి పైన ఉంటుంది. అంటే ఆమ్ల ద్రావణంలో కరెంటు పెడితే హైడ్రోజనే రావాలి, జింక్ రాకూడదు. కానీ వస్తుంది. ఎందుకంటే జింక్ ఉపరితలం మీద హైడ్రోజన్ పుట్టడం చాలా మందకొడిగా జరుగుతుంది. ఆ మందకొడితనం మీద ఆధారపడే ప్రపంచంలో జింక్‌లో ఎక్కువ భాగం తయారవుతోంది.

దాని కోసం మేం పడిన జాగ్రత్త చెప్పాలంటే చాలా ఉంది. ధాతువును కాల్చి, గంధకామ్లంలో కరిగించి, ఆ ద్రావణంలో జింక్ పొడి వేసి రాగి, కాడ్మియం, కోబాల్ట్, నికెల్‌ని తీసేయాలి. ఆంటిమొనీ, జర్మేనియం లాంటివి లీటరుకి మిల్లీగ్రాములో చిన్న వంతు మిగిలినా కాథోడ్ మీద అక్కడక్కడా హైడ్రోజన్ ఊపందుకుంటుంది, పేరుకున్న జింక్ మళ్లీ ఆమ్లంలో కరిగిపోతుంది. రేకు ఎత్తి చూస్తే చిల్లులు కనిపించేవి. ల్యాబ్ రిపోర్టు రాకముందే ఆ చిల్లులు చూసి ఏ మాలిన్యం వచ్చిందో ఊహించే సీనియర్లు ఉండేవాళ్లు.

కరెంటు పోతే మాకు నిజంగా టెన్షన్. తొట్టిలో గట్టి ఆమ్లం ఉంటుంది. సరఫరా ఆగిన క్షణం నుంచే జింక్ కరగడం మొదలు, హైడ్రోజన్ పైకి రావడం మొదలు. రాగి తొట్టికి ఆ భయం లేదు, కరెంటు పోతే పని ఆగుతుంది, అంతే. జింక్‌కి తొట్టికి 3.3 వోల్టుల పైమాట. టన్నుకి 3000 యూనిట్లకు పైగా అయ్యేది.

ఇంకో మాట. ఈ దేశంలో జింక్ కథ కరెంటుతో మొదలు కాలేదు. రాజస్థాన్‌లోని జావర్‌లో కొన్ని వందల ఏళ్ల కిందటే మట్టి మూసల్లో జింక్‌ని ఆవిరి చేసి, కిందికి దించి చల్లబరిచి పట్టేవాళ్లు. ఆ మూసలు ఇప్పటికీ అక్కడ గోడల్లో కనిపిస్తాయి. పైకి పోయే ఆవిరిని కిందికి దించి పట్టాలన్న ఆలోచన వచ్చిన ఆ పనివాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

పాట్‌రూమ్ (బహ్రెయిన్, సొంతూరు జగిత్యాల)

మింది పెద్దాయన కరెంటు పోవడం గురించి చెప్పారు కాబట్టి మా సంగతీ చెప్తా. నేను అల్యూమినియం స్మెల్టర్‌లో పాట్‌ల దగ్గర, అంటే కరెంటుతో లోహం తీసే తొట్ల దగ్గర, పనిచేస్తా. మా దగ్గర కరెంటు కొన్ని గంటలు పోతే పాట్‌లోని బాత్ (అల్యూమినా కరిగి ఉన్న క్రయోలైట్), లోహం గడ్డకట్టిపోతాయి. గడ్డకట్టిన పాట్‌ను మళ్లీ లేపడం అంటే కొత్తది మొదలుపెట్టినంత పని. ఆస్ట్రేలియాలో పోర్ట్‌లాండ్ స్మెల్టర్‌కి 2016 డిసెంబరులో లైన్ దెబ్బతిని కొన్ని గంటలు సరఫరా ఆగింది, పాట్‌లు గడ్డకట్టాయి, ఆ ప్లాంటు నిలబడడానికి ప్రభుత్వాలు డబ్బు పెట్టాల్సి వచ్చింది. అందుకే చాలా స్మెల్టర్లు సొంత పవర్ ప్లాంటు పెట్టుకుంటాయి.

పాట్ అంటే ఉక్కు పెట్టె, లోపల కార్బన్ అస్తరు. పైనుంచి కార్బన్ ఆనోడ్లు బాత్‌లోకి దిగి ఉంటాయి. కరిగిన అల్యూమినియం బాత్ కంటే కాస్త బరువు కాబట్టి అడుగున చేరుతుంది. బాత్ పైన పాల మీద మీగడలా గట్టి పెంకు కడుతుంది. ఆ పెంకును పొడిచి అల్యూమినా వేస్తుంటారు, ఇప్పుడు ఆ పని యంత్రమే చేస్తుంది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించేది పక్క గోడ. కరిగిన క్రయోలైట్ దాదాపు ఏ గోడనైనా తినేస్తుంది. అందుకని పక్కలను చల్లగా ఉంచి, ఆ బాత్‌నే గోడ మీద గడ్డకట్టనిస్తారు. బాత్ నుంచి పాట్‌ను కాపాడేది ఆ గడ్డకట్టిన బాతే. వేడి కాస్త ఎక్కువైతే ఆ పొర కరిగిపోతుంది, తక్కువైతే పెరిగిపోతుంది. మా పనంతా ఆ సమతూకం తప్పకుండా చూడడమే.

350 కిలోఆంపియర్ల పాట్ ఒక్కటి రోజుకి 2.6 టన్నుల దాకా లోహం ఇస్తుంది. కొన్ని వందల పాట్‌లు ఒకే వరసలో సిరీస్‌గా ఉంటాయి. అంత కరెంటు పారే చోట అయస్కాంత క్షేత్రం ఎంత ఉంటుందంటే ఇనుప పనిముట్టు చేతిలో దానంతటదే తిరుగుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లని లోపలికి రానివ్వరు.

బాత్‌లో అల్యూమినా మరీ తగ్గితే ఆనోడ్ కింద వాయువు పొర కమ్మేస్తుంది, 4 వోల్టుల పాట్ ఒక్కసారిగా 30 వోల్టులు దాటుతుంది. ఆనోడ్ ఎఫెక్ట్ అంటాం. ఆ సమయంలో వచ్చే ఫ్లోరిన్ కలిసిన వాయువులు వాతావరణానికి చాలా చెడ్డవి. పాతకాలంలో పచ్చి కర్ర ఒకటి ఆనోడ్ కిందికి దూర్చి ఆ పొరను చెదరగొట్టేవాళ్లు.

పూతపని

పచ్చి కర్ర అనగానే గుర్తొచ్చింది తమ్ముడూ, రాగికీ పచ్చి కర్ర కావాలి. అసలు విషయం ఇక్కడే ఉంది.

నీ స్క్రాప్‌ని ఉన్నదున్నట్టు కరిగించి ఆనోడ్ పోస్తే పని చెడుతుంది. రేడియేటర్ టంకంలో సీసం, తగరం ఉంటాయి. సీసం తొట్టిలో సీసం సల్ఫేట్ అయి ఆనోడ్‌ని పొరలా కప్పేస్తుంది, వోల్టేజి పెరుగుతుంది. తగరం జిగురు మడ్డి అవుతుంది. ఇత్తడి అయితే దాని జింక్ అంతా ద్రావణంలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. అందుకే ముందు కొలిమిలో శుద్ధి. కరిగిన రాగిలోకి గాలి ఊదితే జింక్, తగరం, సీసం, ఇనుము ముందుగా ఆక్సైడ్ అయి కిట్టంగా తేలతాయి, తీసేయాలి. తర్వాత రాగిలో ఆక్సిజన్ మిగులుతుంది. దాన్ని పోగొట్టడానికే పచ్చి కర్రలు ముంచేవాళ్లు, ఇప్పుడు పెద్ద చోట్ల గ్యాస్ వాడతారు. ఇలా 99 దాటిన రాగిని ఆనోడ్‌గా పోస్తేనే తొట్టి మాట వింటుంది. పెద్ద రిఫైనరీల ఆనోడ్‌లు 99.5 దాకా ఉంటాయి. కరెంటు చేసేది చివరి అర శాతం పని మాత్రమే.

ద్రావణంలో లీటరుకి 40 నుంచి 50 గ్రాముల రాగి, 150 నుంచి 200 గ్రాముల గంధకామ్లం, 60 డిగ్రీల వేడి. కాథోడ్ నున్నగా రావడానికి కొంచెం జిగురు, థయోయూరియా, కొద్దిగా క్లోరైడ్ వేస్తారు. ఇవి లేకపోతే గడ్డలు గడ్డలుగా పెరుగుతుంది. కలిపేటప్పుడు ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకు.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నా. కేబుల్ తోలు కాల్చి రాగి తీయడం మీ దగ్గర ఉంటే ఈరోజే ఆపెయ్. పీవీసీ పొగలో వచ్చే విషం కాల్చే కుర్రాళ్ల ఒంట్లోకే పోతుంది. తోలు ఒలిచే మిషన్లు దొరుకుతాయి.

ఆటోనగర్ రాగి

అన్నా, చాలా థ్యాంక్స్. కాల్చడం మా కొట్టులో లేదు, కాల్చి తెచ్చేవాళ్ల దగ్గర కొంటున్నాం. ఇక ఆ సరుకు తీసుకోను. మరి మడ్డి సంగతి?

మింది రిటైర్డ్

మడ్డిలో విలువ ఉండేది గని నుంచి వచ్చే రాగికి. ధాతువుతో పాటు వచ్చిన బంగారం, వెండి, సెలీనియం, టెలూరియం కరగకుండా అడుగున చేరతాయి. ప్రపంచంలో సెలీనియం, టెలూరియం చాలావరకు వచ్చేది ఈ మడ్డిలోంచే. మీ వైండింగ్ తీగ ఒకసారి శుద్ధి అయిన రాగి. దాని బంగారం ఏ రిఫైనరీలోనో ఎప్పుడో తీసేసుకున్నారు. మీకు మిగిలేది సీసం, తగరం మడ్డి. దాన్ని చేత్తో తాకకండి, కాలవలో పోయకండి. ప్రమాదకర వ్యర్థం కింద లెక్కచెప్పి అప్పగించాలి.

పాత కంప్యూటర్ బోర్డుల రాగిలో అయితే బంగారం, వెండి నిజంగానే ఉంటాయి. హైదరాబాద్ చర్లపల్లిలో ఉన్న సీ-మెట్ సంస్థ ఆ దారిలోనే పరిశోధన చేసింది. కానీ అది లైసెన్సు, పొగ శుద్ధి, విషవాయువుల జాగ్రత్తలతో చేయాల్సిన పని, షెడ్డులో ఆమ్లం బకెట్లతో చేసేది కాదు. ద్రావణంలో ఆర్సెనిక్ ఉండి రాగి మరీ తగ్గిపోయే దాకా కరెంటు నడిపితే ఆర్సీన్ అనే వాయువు వస్తుంది. దాంతో మనిషి ప్రాణం పోతుంది. ఇది పెద్ద ప్లాంట్లలో కూడా భయపడే విషయం.

కొండగాలి (పాడేరు)

ఇంతసేపూ చదివాను. అందరూ వోల్టులు, యూనిట్లు చెబుతున్నారు, చాలా నేర్చుకున్నాను. మా వైపు నుంచి ఒక మాట కలుపుతాను.

మా కొండల్లో బాక్సైట్, అంటే అల్యూమినియం ధాతువు, ఉంది. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంత భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకి ఇవ్వకూడదని. అయినా తవ్వకాల మాట మళ్లీ మళ్లీ వచ్చింది, మావాళ్లు మళ్లీ మళ్లీ వద్దన్నారు. 2015లో ఇచ్చిన అనుమతి జీవో తర్వాత రద్దయింది. మాకవరపాలెంలో కట్టిన అల్యూమినా రిఫైనరీకి మా కొండల బాక్సైట్ అందలేదు. ఆ కొండల నెత్తి మీద ఉన్న బాక్సైట్ పొరే వాన నీటిని పట్టి ఏడాది పొడవునా ఊటలుగా వదులుతుందని మా పెద్దలు చెబుతారు. కాఫీ, మిరియాలు, పసుపు ఆ నీటి మీదే.

ఒడిశాలో దమన్‌జోడి అల్యూమినాలో కొంత రైల్లో విశాఖ పోర్టుకి వచ్చి ఓడెక్కుతుంది. అంటే కొండ మన దేశంలో తవ్వుతారు, బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక ఎర్ర బురద ఇక్కడే మిగులుతుంది, లోహం అయ్యేది కరెంటు చౌకగా ఉన్న ఇంకో దేశంలో. ఈ లెక్కలో మా వాటా ఏంటని అడగడం న్యాయమే కదా?

పాట్‌రూమ్

న్యాయమే అన్నా. నేను పనిచేసే దేశంలో బాక్సైట్ గానీ, పెద్ద నది గానీ లేవు. గ్యాస్ ఉంది, దాంతో కరెంటు ఉంది, అందుకే ఇక్కడ స్మెల్టర్ ఉంది. ఐస్‌లాండ్‌లోనూ అంతే. బాక్సైట్ లేకపోయినా కారాహ్న్యుకార్ దగ్గర 690 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టి, ఆ కరెంటు అంతా ఒక్క స్మెల్టర్‌కే ఇస్తున్నారు. మన దేశంలో రేణుకూట్ స్మెల్టర్‌కి రిహాండ్ డ్యామ్ కరెంటు ఆధారమైంది, అంగుల్‌కి తాల్చేర్ బొగ్గు. నాలుగైదు టన్నుల బాక్సైట్ నుంచి రెండు టన్నుల అల్యూమినా, దాన్నుంచి ఒక టన్ను లోహం. అల్యూమినాని ఓడలో దేశాలు దాటించడం, కరెంటును మోసుకురావడం కంటే తేలిక.

లెక్కల మనిషి

బొగ్గు కరెంటుకి యూనిట్‌కి దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ లెక్క. 14 యూనిట్లంటే కిలో అల్యూమినియంకి 14 కిలోల దాకా. ఆనోడ్ కార్బన్ కాలడం వల్ల వచ్చేది కిలోన్నర మాత్రమే. కాబట్టి అల్యూమినియం మంచిదా చెడ్డదా అన్నది కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్నిబట్టే చెప్పాలి. జలవిద్యుత్తుతో చేసిన చోట స్మెల్టర్‌లో మిగిలేది ప్రధానంగా ఆ ఆనోడ్ వాటా. దాన్ని కూడా తీసేయడానికి కార్బన్ వాడని, ఆక్సిజన్ వదిలే ఆనోడ్‌ల మీద 2018 నుంచి కెనడాలో ఎలిసిస్ అనే సంస్థ పనిచేస్తోంది.

పది సైన్సు టీచర్

ఇంకో లెక్క కూడా కలపండి. పాత అల్యూమినియంని కరిగించి మళ్లీ వాడితే, కొత్తగా తీయడానికి అయ్యే శక్తిలో 5 శాతం చాలు. పాట్‌లో ఒకసారి పెట్టిన కరెంటును మళ్లీ పెట్టక్కర్లేదు.

కానీ రాగిలో ఉన్న వెసులుబాటు అల్యూమినియంకి లేదు. రాగిలోకి గాలి ఊదితే చెత్త ముందు కాలి రాగి మిగులుతుంది. అల్యూమినియంలోకి ఊదితే ముందు కాలేది అల్యూమినియమే, దాంట్లో కలిసిన ఇనుము, సిలికాన్, రాగి అలాగే ఉండిపోతాయి. మూడు పొరల తొట్టిలో కరెంటుతో శుద్ధి చేసే హూప్స్ పద్ధతి ఉంది గానీ, దానికి మళ్లీ కొత్త లోహం తీసినంత కరెంటు ఖర్చు. అందువల్ల అల్యూమినియం స్క్రాప్‌ను కరిగించకముందే జాగ్రత్తగా వేరు చేసుకోవడం చాలా ముఖ్యం. ఆటోనగర్‌లో పిస్టన్లు ఒక కుప్ప, కిటికీ ఫ్రేములు ఒక కుప్ప, గిన్నెలు ఒక కుప్పగా వేసే కుర్రాడు చేసేది నిజంగా లోహశుద్ధి పనే.

కొండగాలి

టీచరుగారూ, ఈ మాట మా ఊళ్లో చెబుతాను. పాత లోహం సరిగ్గా తిరిగి వాడితే కొత్త కొండ అడిగేవాళ్లు ఆ మేరకు తగ్గుతారు.

ఆటోనగర్ రాగి

మేడమ్, మా కుర్రాళ్లు కుప్పలు వేరు చేస్తారు గానీ, తొందరలో అన్నీ కలిపేస్తుంటాం. రేపటి నుంచి ఇత్తడి, రేడియేటర్, వైండింగ్ పూర్తిగా వేరే డబ్బాల్లోకి.

పూతపని అన్నా, ఇంత విన్నాక నాకు అనిపిస్తోంది, ఆరు తొట్లతో దూకడం కంటే ముందు కొలిమి శుద్ధి వరకు సరిగ్గా నేర్చుకుని, ఆనోడ్ పలకలు పోసి రిఫైనరీలకే అమ్మితే ఎలా ఉంటుంది?

పూతపని

అదే సరైన దారి. తూత్తుకుడి రాగి ప్లాంటు 2018లో మూతపడిన తర్వాత మన దేశం శుద్ధ రాగిని దిగుమతి చేసుకుంటోంది. ముంద్రాలో 2024లో కొత్త ప్లాంటు మొదలైంది. మంచి స్క్రాప్‌కి, పలకకి గిరాకీ ఉంటుంది. ముందు ప్రతి కుప్ప నుంచి శాంపిల్ తీసి స్పెక్ట్రో టెస్ట్ చేయించు. సీసం, తగరం, జింక్ ఎంత ఉన్నాయో కాగితం మీద చూస్తే నువ్వు ఏ రేటుకి కొనాలో కూడా తెలుస్తుంది. కొలిమికీ, తొట్టికీ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ముందే తీసుకో. ఒక్క తొట్టి పెట్టి, ఒక చిన్న రెక్టిఫయర్‌తో నేర్చుకోవడానికి మాత్రం నేను సాయం చేస్తాను. బాలానగర్ వైపు వస్తే మెసేజ్ పెట్టు.

ఆటోనగర్ రాగి

తప్పకుండా వస్తాను అన్నా. చివరిగా ఒకటి. ఒక్క తొట్టి పెట్టినా, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో రోజూ ఎలా తెలుస్తుంది? రేకు ఎత్తి చూసేదాకా ఆగాలా?

మింది రిటైర్డ్

ఆగకూడదు. తొట్టి వోల్టేజి రోజూ రాసుకోండి. అదే కరెంటుకి వోల్టేజి పెరుగుతూ పోతే ఆనోడ్ మీద సీసం పొర కడుతోందనో, ద్రావణం చల్లబడిందనో అర్థం. ఒక్కసారిగా పడిపోతే కాథోడ్ మీద గడ్డ పెరిగి ఆనోడ్‌ని తాకింది, షార్ట్ అయింది. ఆ రేకు పట్టుకునే కడ్డీ మిగతా వాటికంటే వేడెక్కుతుంది, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో దూరం నుంచే పట్టేయొచ్చు. ఆ గడ్డను కొట్టేసి రేకు నిటారుగా వేలాడేలా సరిచేయాలి. నెలాఖరున కాథోడ్ బరువును, ఆంపియర్-గంటలను లెక్కల మనిషి గారు చెప్పిన 1.186తో పోల్చి చూడండి. 95 శాతానికి దగ్గర్లో ఉంటే తొట్టి బాగున్నట్టు. 85 దగ్గర ఉంటే షార్టులు ఎక్కడో తప్పిపోతున్నాయి, ముందు ఆనోడ్ పలకలు ఒకే మందంలో పోస్తున్నారో లేదో చూసుకోండి.